గోడకు సన్మానం

మా బడిలో కట్టబోయే ఆడపిల్లల మరుగుదొడ్డి యావత్ ప్రపంచానికి దారి చూపిస్తుందని గృహనిర్మాణ శాఖ మంత్రిగారు ప్రకటించారు. సిమెంటు వాడకుండా, ఇటుక కాల్చకుండా, కేవలం జనపనార, మట్టి, సున్నంతో గోడలు లేపుతామనీ, ఇది భూమాత ముఖం మీద తమ ప్రభుత్వం వేస్తున్న మొదటి చిరునవ్వనీ ఆయన అన్నారు. చిరునవ్వు ఎలా వేస్తారో నాకు తెలియదు గానీ ఆ మాటకు చప్పట్లు బాగా పడ్డాయి. నేనూ కొట్టాను.

నేను పదో తరగతి. ఎక్కువ మాట్లాడను. ఒక మూల నిలబడితే నన్ను కుర్చీ అనుకుని పెద్దవాళ్లు నా ముందే అన్నీ మాట్లాడేసుకుంటారు. అందువల్ల ఈ మహత్తర నిర్మాణం గురించి మంత్రిగారి తర్వాత నాకే బాగా తెలుసు. పత్రికల్లో కొన్ని వివరాలు రాలేదు. స్థలాభావం వల్ల అయి ఉంటుంది. అవి పాఠకులకు తెలియాలని, డైరీ దగ్గర పెట్టుకుని రాస్తున్నాను.

అప్పటికి మా బడిలో నూట నలభై మంది ఆడపిల్లలం. మరుగుదొడ్డి ఉండేది. పైకప్పు కూలాక దాన్ని స్టోర్‌రూమ్ అన్నారు, గోడ కూలాక శిథిలం అన్నారు, అన్నీ కూలాక ఆటస్థలం అన్నారు. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా మేము నీళ్లు తాగం. ఇందులో పెద్ద కష్టమేమీ లేదు. మూడో పీరియడ్ దాటితే అలవాటైపోతుంది.

నా పక్కన కూర్చునే అమ్మాయిని అందరూ లెక్కలమ్మాయి అంటారు. టీచరు బోర్డు మీద ప్రశ్న రాయడం పూర్తికాకముందే తనకి జవాబు వచ్చేస్తుంది. వాళ్ల నాన్న బస్సు డ్రైవరు. రోజూ సాయంత్రం తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి వెలుతురుకి పట్టి చూస్తాడు. పొద్దున ఎంత నింపాడో అంతా ఉంటుంది. ఒకరోజు తను లెక్కల పీరియడ్‌లోనే కళ్లు తిరిగి పడిపోయింది.

“అర్ధ సంవత్సరం పరీక్షలలోపు బడిలో దొడ్డి రాకపోతే ఇంట్లోనే ఉండు తల్లీ. లెక్కలు ఇంట్లోనూ చేసుకోవచ్చు,” అన్నాడట ఆయన. కోపంగా అనలేదట. ఎదురుగా ఏదో కనబడితే బ్రేకు వేసినట్టు అన్నాడట.

కాబట్టి ప్రకటన విన్నప్పుడు మా తరగతిలో అందరికన్నా సంతోషించింది లెక్కలమ్మాయే.

“ప్రపంచానికి దారి చూపిస్తే చూపించుకోనీవే. మనకి నాలుగు గోడలూ ఒక తలుపూ పెడితే చాలు,” అంది నాతో.

మొదటి సమావేశం హెడ్‌మేడమ్ గదిలో జరిగింది. సర్క్యులర్ ప్రకారం సంప్రదాయ పరిజ్ఞానం గల మహిళ ఒకరు హాజరు కావాలి. అలా మా అమ్మమ్మని పిలిచారు. అమ్మమ్మ యాభై ఏళ్లుగా జనుము నుంచి నార తీసి తాళ్లు పేనుతుంది. ఊళ్లో పాత మట్టి గోడలు సగం ఆమె చేతి మెత్తే. సాయానికి నేను వెళ్లాను. గదిలో మంత్రిగారి పీఏ, ఇంజనీరుగారు, పార్టీ తరఫున ఫ్లెక్సీ అన్న ఉన్నారు. ఫ్లెక్సీ అన్న అసలు పేరు ఆయన ఓటరు కార్డుకి తప్ప ఎవరికీ తెలియదు. ఊళ్లో ఎవరు పుట్టినా, గెలిచినా, ఓడినా, ఆయన ఫ్లెక్సీ కడతాడు.

అమ్మమ్మ కొంగులోంచి గుప్పెడు నార తీసి బల్ల మీద పెట్టింది.

“గింజ దులిపి, కట్టలు కట్టి, నీళ్లలో ఊరబెట్టి, ఒలిచి, ఉతికి, ఎండబెట్టాను బాబూ. దీన్ని వేలెడేసి ముక్కలు తరిగి మట్టిలో కలిపితే, ఆ గోడ నా మనవరాలి మనవరాలిని కూడా చూస్తుంది.”

పీఏగారు నారని రెండు వేళ్లతో ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు.

“రంగేంటి మామ్మగారూ ఇలా ఉంది?”

“నార రంగు నారలా కాక ఎలా ఉంటుంది?”

“నెరిసిన జుట్టులా ఉందండీ. మేం హరిత గోడ అని ప్రకటించాం. ఫొటోలో పచ్చగా రాకపోతే జనం నమ్ముతారా? మొక్కని మొక్కలాగే తరిగి కలిపేద్దాం.”

“పచ్చి మొక్కని గోడలో పెడితే కుళ్లుతుంది నాయనా.”

“కుళ్లడం కూడా ప్రకృతే కదండీ!” అన్నారు పీఏగారు.

ఈ మాట నేను అప్పుడే అరచేతిలో రాసుకున్నాను.

ఇంజనీరుగారు చాలా మంచివారు. ఎవరినీ నొప్పించరు. రూల్ బుక్కుని అసలే నొప్పించరు. ఆయన గొంతు సవరించుకుని, “గోడ లేచాక ఇరవై ఒక్క రోజులు క్యూరింగ్ ఉంటుంది,” అన్నారు.

“అంటే ఏంటి బాబూ?”

“రోజుకి రెండుసార్లు గోడని నీళ్లతో తడపాలి మామ్మగారూ.”

అమ్మమ్మ చెవి అటు పెట్టింది. “మట్టి గోడనా?”

“బుక్కులో గోడ అని ఉందండీ. ఏ గోడో రాయలేదు.”

“సిమెంటుకి నీళ్లు కావాలి బాబూ. దీనికి ఎండ కావాలి. ఎండనిస్తే రాయి అవుతుంది, తడిపితే పిండి అవుతుంది.”

“నిజమే అయి ఉంటుంది మామ్మగారూ. కానీ నీళ్లకి రిజిస్టరు ఉంది. ఎండకి రిజిస్టరు లేదు.”

ఇంతలో ఫ్లెక్సీ అన్న అసలు విషయానికి వచ్చాడు. “ముందు గోడ పొడవెంత సార్?”

“పన్నెండు అడుగులు.”

“అయితే ఫ్లెక్సీ ఇరవై నాలుగు పెడదాం,” అని రాసుకున్నాడు.

చివర్లో పీఏగారు అమ్మమ్మని చిన్నబుచ్చకూడదని ఒక వరం ఇచ్చారు. “వెనక గోడ మీ ఇష్టం మామ్మగారూ. మీ నారతోనే కట్టుకోండి. కెమెరా అటు రాదు.”

శంకుస్థాపన రోజున మంత్రిగారు పొలంలో దిగి స్వహస్తాలతో జనుము పీకారు. ఆయనకి శ్రమ కాకూడదని మొక్కల్ని ముందురోజే పీకి మళ్లీ గుచ్చారు. మొక్కలు పచ్చగా, పసుపు పూలతో, ముదిరిన కాయలతో చూడముచ్చటగా ఉన్నాయి. పీఏగారు కోరినట్టు వాటిని అలాగే తరిగి మట్టిలో పోశారు. మంత్రిగారు చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని ప్రకృతిని కలిపారు.

అమ్మమ్మ ఒక కాయ తెంపి చెవి దగ్గర ఊపింది. గలగలమంది.

“అయ్యా, ఇందులో గింజ ఉందయ్యా,” అంది.

మంత్రిగారు మైకు అందుకున్నారు. “విన్నారా! ఈ తల్లి చెబుతోంది, ఇందులో గింజ ఉందట! గింజ అంటే ఏమిటి? భవిష్యత్తు! మా గోడలో భవిష్యత్తు ఉంది!”

చప్పట్లు ఎంతసేపు కొట్టారంటే అమ్మమ్మ రెండో వాక్యం ఎవరికీ వినబడలేదు.

వెనక ఫ్లెక్సీ రెపరెపలాడింది. ఎనిమిది అడుగుల ఎత్తు, ఇరవై నాలుగు అడుగుల పొడవు. మంత్రిగారు ఒక కొసన నవ్వుతూ, ఇంకో కొసన ఇంకా ఎక్కువ నవ్వుతూ ఉన్నారు. మధ్యలో, ‘నారతో కట్టాం, నమ్మకంతో నిలబెట్టాం’ అని ఉంది. గోడ అప్పటికి మోకాలెత్తు కూడా లేవలేదు. అమ్మమ్మ ఫ్లెక్సీ అంచు పట్టుకుని నలిపి చూసింది.

“ఇదేం నార నాయనా? ఇంత గట్టిగా ఉంది!”

“నార కాదు మామ్మా, ప్లాస్టిక్. వందేళ్లయినా చెక్కుచెదరదు,” అన్నాడు ఫ్లెక్సీ అన్న గర్వంగా.

వారంలో గోడలు లేచాయి. లోపల నేల, రెండు గుంటలు, పైపులు చక్కగా కుదిరాయి. వాటికి ఫొటోలు లేవు కాబట్టి మేస్త్రీ తనకి తెలిసినట్టు చేశాడు. వెనక గోడ అమ్మమ్మ కట్టింది. మిగతా మూడు గోడలకు క్యూరింగ్ మొదలైంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వాచ్‌మన్ రబ్బరు గొట్టంతో తడిపి రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. గొట్టం పొట్టిది కావడంతో వెనక గోడకి నీళ్లు అందలేదు. ఇంజనీరుగారు ఈ లోపాన్ని గమనించి పొడవు గొట్టం కోసం పైకి రాశారు. అది ఇంకా రాలేదు.

ఐదో రోజు పొద్దున గోడ మొలకెత్తింది.

మొదట లెక్కలమ్మాయే చూసింది. స్కేలుతో గోడ మీద ఒక అడుగు చదరం గీసి మొలకలు లెక్కపెట్టింది. ముప్ఫై ఒకటి. తలుపు సందు తీసేసి మూడు గోడలకు లెక్కగట్టి, “నాలుగు వేల ఆరువందల యాభై,” అంది.

ఇంజనీరుగారు వచ్చి గోడకి ఎదురుగా నిలబడ్డారు. బుక్కు తెరిచారు. గోడ మీద మొక్క మొలిస్తే వెంటనే పీకేయాలని అందులో ఉంది. మంత్రులు స్వహస్తాలతో పెట్టిన మొక్కని ఎవరూ పీకరాదని వేరే సర్క్యులర్ ఉంది. ఆయన పీఏగారికి ఫోన్ చేశారు. ఫోన్‌లో పీఏగారి గొంతు మాకు కూడా వినిపించింది.

“పీకకండి! ముట్టుకోకండి! అది లివింగ్ వాల్ అండీ! విదేశాల్లో దీనికోసం చచ్చిపోతున్నారు!”

మర్నాడు పత్రికల్లో ‘ప్రాణం పోసుకున్న గోడ’ అని వచ్చింది. మంత్రిగారు రెండోసారి వచ్చారు. ఒక మొలకని చిటికెన వేలితో నిమిరి, సిమెంటు గోడ ఎప్పుడైనా మొలకెత్తిందా అని ప్రతిపక్షాన్ని అడిగారు. మొక్కలకి ఇబ్బంది కలగకూడదని మరుగుదొడ్డి తలుపుకి తాళం వేసి, తాళంచెవి పీఏగారు జేబులో వేసుకున్నారు.

అందరూ వెళ్లిపోతుంటే లెక్కలమ్మాయి ముందుకొచ్చింది. నేను తన జడ పట్టుకుని లాగాను గానీ ఆగలేదు.

“సార్, పరీక్షలు ఇరవై మూడు రోజుల్లో ఉన్నాయి. మరి మేం ఎప్పుడు వాడుకోవాలి?”

పీఏగారు ప్రేమగా నవ్వారు. “పాపా, నువ్వు నీ అవసరం గురించి ఆలోచిస్తున్నావు. మంత్రిగారు భూమి అవసరం గురించి ఆలోచిస్తున్నారు.”

“భూమికి నాలుగింటి దాకా ఆపుకునే పని లేదు కదా సార్.”

పీఏగారికి ఫోన్ వచ్చింది. మోగలేదు గానీ వచ్చింది.

మొలకలు జానెడయ్యాయి. జనుము అంటే మేకలకి ప్రాణం. మా బడికి ప్రహరీ లేదు కనుక అవి ప్రధాన ద్వారం గుండానే వచ్చాయి. వెంటనే గోడ చుట్టూ ముళ్లకంచె వేశారు. పదిహేనేళ్లుగా బడి అడుగుతున్న కంచె గోడకి రెండు రోజుల్లో వచ్చింది. మేకలు కంచె దూకాయి. మొక్కని పట్టి లాగితే వేరుతో పాటు పిడికెడు గోడ కూడా వచ్చేది. పొద్దున మేకలు తినేవి, తిన్న చోట సాయంత్రం వాచ్‌మన్ తడిపేవాడు. మధ్యలో పచ్చి కాడలు కుళ్లి, తరగతి గదుల దాకా వాసన కొట్టేది. ఎవరూ వాడకుండానే మరుగుదొడ్డి వాసన రావడం మా సైన్సు టీచరుకి కూడా కొత్త.

ఇరవయ్యో రోజు మధ్యాహ్నం ముందు గోడ పడిపోయింది. పడిపోయింది అంటే తప్పేమో. పెద్ద శబ్దమేమీ రాలేదు. అలసిపోయిన మనిషిలా నెమ్మదిగా కూర్చుంది. పక్క గోడలు రెండూ దాన్ని చూసి కూర్చున్నాయి. తలుపు మాత్రం తాళంతో సహా కాసేపు నిలబడింది. వెనక అమ్మమ్మ గోడ అలాగే ఉంది.

ఇరవై ఒకటో రోజు వాచ్‌మన్ వచ్చి మట్టి కుప్పని రెండు పూటలా తడిపి సంతకం పెట్టాడు. క్యూరింగ్ పూర్తయింది కాబట్టి నిర్మాణం విజయవంతంగా పూర్తయినట్టు సర్టిఫికెట్టు దానంతటదే వచ్చింది.

అమ్మమ్మ ఇంజనీరుగారి దగ్గరికి వెళ్లింది. “బాబూ, నా దగ్గర నార ఉంది. మట్టి ఇక్కడే ఉంది. మిగతా మూడు గోడలు నేను లేపుతాను. ఎవరూ నాకేమీ ఇవ్వక్కర్లేదు.”

ఇంజనీరుగారి ముఖం చిన్నబోయింది. “కుదరదు మామ్మగారూ. రికార్డు ప్రకారం అక్కడ గోడలు ఉన్నాయి. ఉన్న గోడ మీద గోడ కడితే అక్రమ నిర్మాణం.”

“కళ్లతో చూడు బాబూ. గోడ ఏదీ?”

“కళ్లకి నాకు పవర్స్ లేవండీ.”

పరీక్షలకి ఎనిమిది రోజులుంది. లెక్కలమ్మాయి తన పుస్తకాలకి అట్టలు తీసేయడం మొదలుపెట్టింది. చెల్లెలికి పనికొస్తాయని అంది. ఇంటికెళ్లి అమ్మమ్మతో చెప్పాను.

అమ్మమ్మ మర్నాడు చుట్ట చుట్టిన తాడు భుజాన వేసుకుని బడికి వచ్చింది. తిన్నగా గేటు దగ్గరికి వెళ్లింది. అక్కడ ఫ్లెక్సీ శంకుస్థాపన రోజున కట్టింది కట్టినట్టే ఉంది. వాన తడిపినా వెలవలేదు, మేకలు ముట్టలేదు. నిచ్చెన వేయించి దింపించింది. ముళ్లకంచె, మట్టి కుప్ప పక్కకి తీయించింది. వెనక గోడకి ముందు నాలుగు గుంజలు పాతి, ఫ్లెక్సీ అంచున రంధ్రాలు పొడిచి, జానెడుకో ముడి వేసుకుంటూ మూడు పక్కలా బిగించి కట్టి, ఒక కొసని మాత్రం తలుపులా వదిలింది.

ఇంజనీరుగారు పరుగున వచ్చారు. “మామ్మగారూ, ఇది గోడేనా?”

“గోడ కాదు బాబూ. ఫ్లెక్సీ.”

ఆయన బుక్కు ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిరగేశారు. ఫ్లెక్సీ గురించి ఏమీ లేదు. ఆయన ముఖం విప్పారింది. బుక్కు చంకలో పెట్టుకుని, అమ్మమ్మ ముడి వేస్తున్నంతసేపూ గుంజ పట్టుకున్నారు.

హెడ్‌మేడమ్‌కి మాత్రం ఒక సందేహం వచ్చింది. “మంత్రిగారి ముఖం ఎటువైపు వస్తుంది?”

“బయటికేనమ్మా. లోపలికి చూస్తే ఆడపిల్లలు వెళ్తారా?” అంది అమ్మమ్మ.

ఆ సాయంత్రం డ్రైవరుగారు సీసా వెలుతురుకి పట్టి చూస్తే అందులో చుక్క లేదు. తలకిందులు చేసి కూడా చూశారట. మర్నాడు పొద్దున ఇంకొంచెం పెద్ద సీసా నింపి సంచిలో పెట్టారు. లెక్కలమ్మాయి పుస్తకాలకి మళ్లీ అట్టలు వేసుకుంది. పరీక్షలు రాసింది. లెక్కల్లో నూటికి నూరు వచ్చాయి. నాకు వచ్చినవి ఇక్కడ అవసరం లేదు.

తర్వాత ఉత్తమ హరిత నిర్మాణం అవార్డు కమిటీ తనిఖీకి వచ్చింది. ముగ్గురు పెద్దమనుషులు. బూట్లకి మట్టి అంటుతుందని గేటు దగ్గరే ఆగారు. వాళ్ల ఫారంలో మూడే ప్రశ్నలు.

“గోడలు ఉన్నాయా?”

“ఉన్నాయి,” అన్నారు పీఏగారు, మంత్రిగారి చిరునవ్వు వైపు చేయి చూపించి.

“కొంచెం ఊగుతున్నట్టుందే?”

“భూకంపాలు తట్టుకోవడానికండీ.”

“ప్రకృతి నార వాడారా?”

“తాళ్లన్నీ నా చేత్తో పేనినవే బాబూ. ఒక్క ముడి జారదు,” అంది అమ్మమ్మ.

“వాడుకలో ఉందా?”

అప్పుడు ఇంటర్వెల్. ఆడపిల్లలం పద్దెనిమిది మందిమి వరసలో ఉన్నాం. ముగ్గురూ మమ్మల్ని చూసి మూడో గడిలోనూ టిక్కు పెట్టారు.

అవార్డు వచ్చింది. నగరంలో మంత్రిగారికి ఘనసన్మానం అన్నారు. ముందురోజు సాయంత్రం ఫ్లెక్సీ అన్న ఆటో వేసుకుని వచ్చాడు. నేనూ లెక్కలమ్మాయీ ట్యూషన్ కోసం ఆగి ఉన్నాం. అమ్మమ్మ ముడులు సరిచూస్తోంది.

“అమ్మాయిలూ, లోపల ఎవరూ లేరుగా?” అని దూరం నుంచే అడిగాడు. ఆ మర్యాద ఆయనకి ఉంది.

“లేరన్నా. ఎందుకు?”

“స్టేజీ మీదకి ఫ్లెక్సీ కావాలి. కొత్తది వేయించే టైం లేదు. పైగా సార్ నవ్వు ఇందులో వచ్చినట్టు ఇంకెందులోనూ రాలేదు.”

అమ్మమ్మ గుంజకి అడ్డంగా నిలబడింది. “పిల్లల గోడ నాయనా ఇది. పట్టుకుపోతే ఎలా?”

“సన్మానం గోడకే కదా మామ్మా! గోడే లేకపోతే అక్కడేం బాగుంటుంది చెప్పు?”

“మళ్లీ తెస్తావా?”

“తెస్తాను మామ్మా, నీ మీద ఒట్టు. కాకపోతే వరసగా ఆరు ఊళ్లలో సన్మానాలున్నాయి. అవి అవనీ.”

ముడులు విప్పడానికి చాలాసేపు చూశాడు. ఒక్కటీ రాలేదు. చివరికి కత్తితో తాళ్లు కోసి, ఫ్లెక్సీ చుట్టి ఆటోలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

సన్మానాన్ని విద్యార్థులందరికీ ప్రత్యక్ష ప్రసారంలో చూపించాలని సర్క్యులర్ వచ్చింది. పదో తరగతి వాళ్లం హెడ్‌మేడమ్ గదిలో నేల మీద కూర్చున్నాం. టీవీలో మంత్రిగారు నిలువెత్తు దండలో ఉన్నారు. వెనక ఆయనే ఇటు నవ్వుతూ, అటు ఇంకా ఎక్కువ నవ్వుతూ ఉన్నారు. ఫ్లెక్సీ అంచుల పొడుగునా తెగిన తాళ్లు, అమ్మమ్మ ముడులు వేలాడుతున్నాయి.

మంత్రిగారు వెనక్కి తిరిగి చేయి చాపారు.

“గోడ, గోడ అంటున్నారే! ఇదిగో చూడండి! ఇదే ఆ గోడ!”

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

“కరెక్టే,” అంది లెక్కలమ్మాయి.

గంట కొట్టారు. రెండో పీరియడ్ అయిపోయింది. తను సంచిలోంచి పెద్ద సీసా తీసి మూత సగం తిప్పింది. కిటికీలోంచి అమ్మమ్మ గోడ ఒంటరిగా కనిపిస్తోంది, ముందు నాలుగు గుంజలు. తను అటు కాసేపు చూసి, మూత మళ్లీ బిగించేసింది.